రోల్ బార్: మెరుపు కోసమా, మెడ కోసమా?

"యంత్రం – మనిషి" శీర్షిక



ఈ శీర్షిక రాసేది ఒక ఇంజనీరు, ఒక డాక్టరు. యంత్రం సంగతి ఒకరం, ఆ యంత్రం మధ్యన కూర్చున్న మనిషి సంగతి మరొకరం చూసుకుంటూ ఉంటాం. ఈసారి మేము ఎత్తుకున్న విషయం చూసి కొందరు పెద్దలు ముక్కున వేలు వేసుకోవచ్చు. పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాల పోటీల ఫలితాలు అచ్చయ్యే సంచికలో డ్రాగ్ రేసు ట్రక్కు గొడవ ఏమిటని అడగవచ్చు. కాని ఒక్కసారి మన సంఘం సమావేశం జరిగే రోజున హాలు బయట కారు పార్కింగు చూడండి. కార్ల మధ్య ఎన్ని పికప్ ట్రక్కులున్నాయో లెక్కపెట్టండి. హైలక్స్, ట్రైటన్, డి-మాక్స్, రేంజర్. ఎస్టేటు పనికో, కాంట్రాక్టు పనికో నాన్నగారు కొన్న బండి సాయంత్రమయ్యేసరికి అబ్బాయి చేతికి వస్తుంది. మొదట చక్రాలు మారుతాయి, తరువాత సైలెన్సరు మారుతుంది, ఆ తరువాత క్యాబిన్ వెనకాల తళతళా మెరిసే గొట్టం ఒకటి నిలబడుతుంది. "ఇదేమిట్రా?" అంటే "రోల్ బార్ నాన్నా, సేఫ్టీ కోసం" అంటాడు. సేఫ్టీ అన్నాడు గదా అని నాన్నగారు డబ్బులిస్తారు.

ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం. ఆ మెరిసే గొట్టానికి, నిజమైన రోల్ బార్‌కు పేరు ఒకటే గాని పని ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోతే డబ్బు పోవడం చిన్న నష్టం. బండి బోల్తా పడిన రోజున తెలిసే నష్టం చాలా పెద్దది.

మేడిపండు సామెత

పికప్ వెనక తొట్టిలో నిలబెట్టే స్టెయిన్‌లెస్ గొట్టాన్ని అమ్మేవారిలో నిజాయితీపరులు "స్పోర్ట్స్ బార్" అనే అంటారు. అది అలంకారం. నిచ్చెన, పైపులు కట్టుకోవడానికి, అదనపు దీపాలు బిగించుకోవడానికి పనికివస్తుంది. దాని గొట్టం చాలావరకు పలచని రేకు చుట్టి చేసింది. దానిని బిగించేది తొట్టి అంచు రేకుకు, నాలుగో ఆరో చిన్న బోల్టులతో. ఆ తొట్టి మనుషులు కూర్చునే క్యాబిన్‌తో కలిసి లేదు. క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండూ విడివిడిగా కింది ఛాసిస్ మీద కూర్చుని ఉంటాయి. బండి తలకిందులైనప్పుడు టన్నున్నర, రెండు టన్నుల బరువు పక్కకు తోసుకుంటూ ఆ గొట్టం మీద పడితే, బోల్టులు రేకును చించుకుని బయటికి వస్తాయి. ఒకవేళ గొట్టం నిలిచినా, అది నిలిచేది తొట్టిలో. డ్రైవరు తల ఉన్నది క్యాబిన్‌లో.

నిజమైన రోల్ బార్ క్యాబిన్ లోపల, డ్రైవరు తల వెనకాల ఉంటుంది. తలకిందులుగా పెట్టిన "యు" ఆకారంలో మందమైన ఉక్కు గొట్టం, దానికి వెనక నుంచి ఊతాలు, అడ్డంగా ఒక కడ్డీ, డ్రైవరు పక్కగా మరొక కడ్డీ ఉంటాయి. దాని కాళ్ళు ఛాసిస్‌కు అతుక్కుని ఉంటాయి. దానికి మెరుపు అక్కరలేదు. చాలాసార్లు నల్ల రంగు పూసి ఉంటుంది, బయటినుంచి సరిగా కనిపించదు కూడా. పై మెరుగు చూసి మోసపోకూడదని మేడిపండు సామెత మనకు చిన్నప్పటినుంచీ ఉన్నదే.

నాలుగు వందల రెండు మీటర్లు

డ్రాగ్ రేసు అంటే తెలియనివారికి రెండు మాటలు. నిలబడి ఉన్న రెండు బండ్లు పచ్చదీపం వెలగగానే తిన్నని బాటలో పావు మైలు, అనగా 402 మీటర్లు, పరుగెత్తుతాయి. ఎవరు ముందు చేరితే వారిది గెలుపు. మలుపులు లేవు. అమెరికాలో యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రకారు ఊరి రోడ్ల మీద, వాడకం లేని విమానాశ్రయాల్లో మొదలుపెట్టిన ఆట ఇది. రోడ్ల మీద పందేలను ఆపి, ఆటను కట్టుదిట్టమైన బాట మీదికి తీసుకురావాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. డ్రాగ్ రేసులో భద్రతా నిబంధనలకు చాలామంది చూసేది ఆ సంస్థ పుస్తకాన్నే. మన మలేసియాలో 1999లో తెరచిన సెపాంగ్ సర్క్యూట్‌లో డ్రాగ్ పోటీలు జరుగుతున్నాయి. ఇళ్ళలో వాడే కార్లను మార్చుకుని వచ్చే కుర్రవాళ్ళతో పాటు డీజిల్ పికప్‌లు తెచ్చేవారూ ఉన్నారు.

తిన్నగా పోయే బండి ఎందుకు బోల్తా పడుతుందని మీకు సందేహం రావచ్చు. కొంచెం లెక్క చేద్దాం. 402 మీటర్లను 11 సెకన్ల 49 వందో వంతుల్లో దాటిందంటే సగటు వేగమే గంటకు 126 కిలోమీటర్లు. గీత దాటేటప్పటి వేగం ఇంకా చాలా ఎక్కువ. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో ఉన్న శక్తి, అదే బండిని వంద మీటర్ల ఎత్తునుంచి కింద పడవేస్తే వచ్చే శక్తితో సమానం. అంటే సుమారు ముప్పై అంతస్తుల మేడ. ఆ వేగంలో ఒక టైరు పగిలినా, ఇంజను నూనె కారి చక్రం కింద పడినా, గీత దాటాక కంగారుగా బ్రేకు తొక్కినా బండి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బండి చక్రం గోడకో, పక్కనున్న మెత్తటి నేలకో తట్టుకుంటే అక్కడినుంచి దొర్లడమే.

అందులోనూ పికప్‌కు రెండు లోపాలున్నాయి. మొదటిది, వెనక తొట్టి ఖాళీ. బరువంతా ముందు ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఉన్న కాస్త బరువూ ముందుకు వాలి, వెనక చక్రాలు పట్టు తప్పి తోక పక్కకు కొట్టుకుపోతుంది. రెండవది ఎత్తు. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని భారకేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి బండి ఎంత సులువుగా పడుతుందో చెప్పవచ్చు. చక్రాల మధ్య మీటరున్నర, భారకేంద్రం ఎత్తు 70 సెంటీమీటర్లు అనుకుంటే పికప్‌కు వచ్చేది 1.07. అదే వెడల్పు ఉన్న కారుకు భారకేంద్రం 52 సెంటీమీటర్ల దగ్గర ఉంటే 1.44. అంకె ఎంత తగ్గితే అంత ప్రమాదం. రేసుకోసం బండిని కిందికి దించితే కొంత నయం గాని, నేల తగిలి తట్టుకున్నప్పుడు ఆ లెక్కలేవీ నిలవవు.

ట్రాక్టరు నేర్పిన పాఠం

రోల్ బార్ రేసుల వాళ్ళ విలాసం అనుకోవద్దు. దాని విలువను ప్రపంచానికి రుజువు చేసింది మనందరికీ తెలిసిన ట్రాక్టరే. కృష్ణా, గోదావరి జిల్లాల్లో గట్టు ఎక్కుతూ వెనక్కి తిరగబడిన ట్రాక్టర్ల కథలు వినని రైతు కుటుంబం లేదు. స్వీడన్ దేశంలో 1959లో ఒక చట్టం వచ్చింది. కొత్తగా అమ్మే ప్రతి ట్రాక్టరుకూ డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం ఉండి తీరాలన్నారు. పాత ట్రాక్టర్లు తగ్గి కొత్తవి పెరిగేకొద్దీ, ట్రాక్టరు తిరగబడి రైతులు చనిపోవడం ఆ దేశంలో దాదాపు మాయమైంది. రైతులు అంతకు ముందుకన్నా జాగ్రత్తగా నడిపారని కాదు. ట్రాక్టర్లు తిరగబడుతూనే ఉన్నాయి. తిరగబడినప్పుడు మనిషి బ్రతకడానికి చాలినంత ఖాళీ మిగిలింది.

ఇంజనీరు భాషలో రోల్ బార్ పని ఇంతే. బండి పడకుండా అది ఆపదు. పడిన తరువాత డ్రైవరు చుట్టూ ఒక మనిషి పట్టేంత చోటు నలగకుండా నిలబెడుతుంది. మన దేశంలోనే 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ అనే అడవి దారుల పోటీలో జీపులన్నీ ఉక్కు పంజరాలతో కనిపించడానికి కారణమూ ఇదే.

గొట్టం ఎట్లాంటిది?

ఇక బిగింపు సంగతికి వద్దాం. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పద్ధతి ప్రకారం పావు మైలును 11.49 సెకన్లు, అంతకన్నా తక్కువలో దాటే బండికి సాధారణంగా రోల్ బార్ ఉండాలి. పైకప్పు లేని బండికి 13.49 సెకన్లనుంచే ఉండాలి. 10.99కి దిగితే సాధారణంగా బార్ చాలదు, ముందు అద్దం దాకా చుట్టి వచ్చే పూర్తి పంజరం కావాలి. కొత్త మోడలు కార్లకు కొన్ని సడలింపులున్నాయి. కనుక మీ అబ్బాయి పాల్గొనే పోటీ నిర్వాహకులనుంచి ఆ ఏటి పుస్తకం తెప్పించుకుని చూసుకోవడం మొదటి పని.

గొట్టం బయటి వ్యాసం అంగుళం ముప్పావు, అంటే 44 మిల్లీమీటర్ల పైచిలుకు. మామూలు ఉక్కయితే గోడ మందం కనీసం 3 మిల్లీమీటర్లు. క్రోమ్‌మాలీ అనే మిశ్రమ ఉక్కయితే 2.1 మిల్లీమీటర్లు చాలు. మామూలు ఉక్కు గొట్టం మీటరుకు సుమారు 3 కిలోలు, క్రోమ్‌మాలీ 2.2 కిలోలు తూగుతుంది. తేడా చూసి కుర్రవాళ్ళు క్రోమ్‌మాలీ వైపు మొగ్గుతారు. కాని దానిని టిగ్ వెల్డింగుతోనే అతకాలి, చేయి తిరిగిన పనివాడు కావాలి. వీధి వర్క్‌షాపులో చేయించేటట్లయితే మామూలు ఉక్కే క్షేమం. దానికి మిగ్ వెల్డింగు సరిపోతుంది.

బెంకెల్ అని ఇక్కడ అందరూ పిలిచే వర్క్‌షాపుల్లో మేము చూసిన పెద్ద పొరపాటు ఒకటుంది. నీళ్ళ పైపును వంచి రోల్ బార్ చేయడం. జింకు పూత పూసిన ఆ పైపు నీళ్ళ ఒత్తిడికి చేసింది. దెబ్బకు వంగి శక్తిని మింగడానికి చేసింది కాదు. దాని పొడవునా ఉన్న అతుకు వంచినచోట విచ్చుకునే వీలుంది. పైగా జింకు పూత మీద వెల్డింగు చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చిన పనివాడికి ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. మాలో డాక్టరు గారు చెప్పేదేమంటే, వెల్డరుకు మలేరియాలాంటి జ్వరం వచ్చి మర్నాటికి తగ్గిపోయిందంటే ముందు ఏం వెల్డింగు చేశావని అడగాలట.

గొట్టాన్ని వంచేటప్పుడు లోపలి అంచు ముడతలు పడకూడదు, నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారం రాకూడదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.ఐ.ఏ. నియమం ప్రకారం వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి కనీసం మూడు రెట్లుండాలి. ఇసుక నింపి, వేడి చేసి వంచే పాత పద్ధతి గేట్లకు సరే, దీనికి కాదు. వెల్డింగు గొట్టం చుట్టూ పూర్తిగా సాగాలి. పైకి కనిపించే సగం అతికి, చేయి దూరని కప్పు వైపు వదిలేస్తే లాభం లేదు. అతుకును నున్నగా కనిపించాలని గ్రైండరుతో అరగదీయడం నిషిద్ధం. అందం కోసం అరగదీసేది బలాన్నే గదా.

కొలతలు కూడా మనిషిని కూర్చోబెట్టి తీసుకోవాలి. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, తను నడిపే భంగిమలో కూర్చోవాలి. బార్ ఆ హెల్మెట్ కన్నా కనీసం మూడంగుళాలు ఎత్తుగా ఉండాలి. తలకు వెనకో పక్కనో ఆరంగుళాల లోపు ఉండాలి. వెనక ఊతాలు బార్ శిఖరానికి ఐదంగుళాల లోపలే అతకాలి. ఇంకా కిందికి అతికితే, పైభాగం చేతికర్ర విరిగినట్లు విరుగుతుంది. అడ్డకడ్డీ డ్రైవరు భుజాలకన్నా ఎత్తుగా ఉండకూడదు, నాలుగంగుళాలకన్నా కిందికీ పోకూడదు. భుజాల బెల్టును చుట్టేది దానికే. పక్క కడ్డీ భుజానికి, మోచేతికి నడిమిగా వెళ్ళాలి.

కాళ్ళు ఎక్కడ ఊనాలి?

బార్ ఎంత గట్టిదైనా దాని బలం కాళ్ళలో ఉంటుంది. మన పొలం భాషలో చెబుతాం. దమ్ము చేసిన మడిలో కర్ర గుచ్చితే దిగబడుతుంది, పీట వేస్తే నిలుస్తుంది. క్యాబిన్ నేల రేకు మందం ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. దాని మీద గొట్టాన్ని నేరుగా అతికితే, బోల్తా పడిన క్షణంలో గొట్టం బిస్కెట్ల డబ్బాను మేకు పొడిచినట్లు నేలను చీల్చుకుని కిందికి దిగిపోతుంది. బార్ వంగదు, విరగదు. కప్పుతో సహా కిందికి దిగి డ్రైవరును నొక్కుతుంది.

ఛాసిస్ వేరుగా లేని బండ్లకు, ఉదాహరణకు 2002లో ప్రోటాన్ తెచ్చిన ఆరీనా పికప్ వంటివాటికి, నేలకు పైనా కిందా ఆరంగుళాల చదరపు ఉక్కు పలకలు పెట్టి, నడుమ రేకును ఇరికించి, కనీసం నాలుగు బోల్టులతో బిగించాలి. గొట్టం అడుగున ఉండే ఉక్కు వైశాల్యంతో పోలిస్తే ఆ పలక వైశాల్యం దాదాపు అరవై రెట్లు. పీట అంటే అదీ.

హైలక్స్ వంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంటుంది. అట్లాంటి బండికి బార్ కాళ్ళు ఛాసిస్‌కే చేరాలని నిబంధన. ఇక్కడే పికప్ తన ప్రత్యేక చిక్కు తెచ్చిపెడుతుంది. కుదుపు తెలియకుండా ఉండాలని కంపెనీవారు క్యాబిన్‌ను ఛాసిస్ మీద రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. అంటే ఛాసిస్ ఒకలాగ, క్యాబిన్ మరొకలాగ కదులుతూ ఉంటాయి. ఛాసిస్‌కు అతికిన బార్ క్యాబిన్ నేలలోనుంచి పైకి వచ్చేచోట రంధ్రం బిగుతుగా ఉంటే, రోజూ రాసుకుని రేకు చిరుగుతుంది, తుప్పు పడుతుంది. మన దేశపు వానలకు ఆ తుప్పు ఎంత తొందరగా పాకుతుందో చెప్పనక్కరలేదు.

ఇంకా ముఖ్యమైనది మరొకటి. భుజాల బెల్టు ఛాసిస్‌కు అతికిన బార్‌కు ఉండి, సీటు మాత్రం రబ్బరు మీద ఊగే క్యాబిన్ నేలకు ఉంటే, గుద్దుకున్న క్షణంలో సీటు ఒకవైపు, బెల్టు ఒకవైపు లాగుతాయి. మధ్యన నలిగేది మనిషి. కనుక రేసు ట్రక్కులో రబ్బరు దిమ్మెల స్థానంలో లోహపు దిమ్మెలు వేసి క్యాబిన్‌ను ఛాసిస్‌తో ఒకటి చేస్తారు. సీటు, బెల్టు, బార్ మూడూ ఒకే ఎముకకు కట్టినట్లుండాలి. వెనక ఊతాలు క్యాబిన్ వెనక గోడలోనుంచి తొట్టి కిందుగా ఛాసిస్ పట్టాలకు చేరాలి. ఈ పని చేశాక ఆ బండి ఇంటి బండి కాదు. కుదుపంతా నడుముకు తెలుస్తుంది. డబుల్ క్యాబ్ అయితే వెనక సీటు వాడకానికి రాదు. ఇది ముందే కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి.

డాక్టరు మాట

ఇంతవరకు ఉక్కు గురించి. ఇప్పుడు మెడ గురించి.

బండి దొర్లేటప్పుడు లోపలి మనిషికి పైన, కింద అనే తేడా పోతుంది. బెల్టు లేని మనిషి బియ్యపు డబ్బాలో పడ్డ గులకరాయిలాగ కొట్టుకుంటాడు, లేదా కిటికీలోనుంచి బయటపడి అదే బండి కింద నలుగుతాడు. బోల్తా ప్రమాదాల్లో చనిపోయినవారిలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివారేనని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. బెల్టు వదులుగా ఉన్నా ప్రమాదమే. తలకిందులైనప్పుడు ఒళ్ళంతా కప్పు మీదికి జారి, తల కప్పుకు ఆనుతుంది. ఆ తల మీద మొండెం బరువంతా పడుతుంది. మెడ ఎముకల నడుమనుంచి పోయే వెన్నుపాము చిటికెన వేలంత మందం. అది నలిగితే చేతులు కాళ్ళు పడిపోతాయి. దానిని తిరిగి అతికే శస్త్రచికిత్స ఇంతవరకు లేదు.

అందుకే రోల్ బార్ ఒంటరిగా పనిచేయదు. దానితోపాటు ఐదు చోట్ల బిగించే రేసు బెల్టు, వెనక్కి విరగని సీటు, మంచి ప్రమాణపు హెల్మెట్ ఉండాలి. బెల్టు నేత ఎండకు, చెమటకు బలహీనపడుతుంది. అందుకే డ్రాగ్ రేసు నిబంధనల్లో ఆ బెల్టులకు రెండేళ్ళ గడువు పెట్టారు. పాత బెల్టు చవకగా దొరికిందని కొనడం తాడు చూడకుండా బావిలో దిగడం వంటిది. బార్‌కు హెల్మెట్ తగిలే మేర అంతా ప్రత్యేకమైన గట్టి నురగ తొడగాలి. మామూలు మెత్తటి స్పాంజి వేలితో నొక్కితే బాగుంటుంది గాని, తల వేగంగా తగిలినప్పుడు చదునైపోయి ఉక్కును తలకు అప్పగిస్తుంది.

రోడ్డు మీద అదే బార్

ఇప్పుడు తల్లిదండ్రులు మరీ శ్రద్ధగా చదవవలసిన మాట. రేసు బాట మీద ప్రాణం కాపాడే బార్ ఇంటి రోడ్డు మీద ప్రాణం తీయవచ్చు.

రేసులో డ్రైవరుకు హెల్మెట్ ఉంటుంది, ఒళ్ళంతా బెల్టు బిగించి ఉంటుంది. అదే బండిలో ఆదివారం అంగడికి పోయేటప్పుడు హెల్మెట్ ఉండదు, మామూలు బెల్టు ఉంటుంది. వెనకనుంచి ఎవరైనా చిన్నగా గుద్దినా ఉత్త తల జానెడు దూరంలో ఉన్న ఉక్కు గొట్టానికి తగులుతుంది. బార్ లేని బండిలో మెడనొప్పితో పోయే దెబ్బ, ఆ బార్ ఉన్న బండిలో పుర్రె పగిలేదాకా పోతుంది. వెనక సీటులో పిల్లలుంటే వారి ముఖం ఎదురుగా ఉండేది అడ్డకడ్డీ. పక్కనుంచి తెరుచుకునే గాలిసంచులున్న కొత్త బండ్లలో బార్ ఆ సంచులకు అడ్డం వస్తుంది.

మన దేశంలో ముందు సీటు బెల్టు 1979నుంచి, వెనక సీటు బెల్టు 2009 జనవరి 1నుంచి తప్పనిసరి. ఇంట్లో వాడే బండికి ఆ రెండు బెల్టులు, కంపెనీవారు కట్టి ఇచ్చిన క్యాబిన్ చాలు. వాటిని వాడుకుంటే అదే పెద్ద రక్ష. తొట్టిలో మనుషులను ఎక్కించుకుని ఆ మెరిసే గొట్టాన్ని పట్టుకుని నిలబడమనే అలవాటు కొన్ని పల్లె దారుల్లో ఇంకా కనిపిస్తుంది. పట్టుకున్న చేతిని ఏ గొట్టమూ కాపాడదు. బార్ కాపాడేది దాని నీడలో బెల్టు కట్టుకుని కూర్చున్నవాడినే.

బండి నిర్మాణాన్ని మార్చాలంటే రోడ్డు రవాణా శాఖ, అంటే జె.పి.జె. వారి అనుమతి అడగాలి. బీమా కంపెనీకి తెలియజేయకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగిన రోజున వారు కాగితాలు తిరగేసి డబ్బు ఇవ్వనంటే మనం చేయగలిగింది తక్కువ. అన్నిటికన్నా మంచి ఏర్పాటు, రేసు బండి వేరు, ఇంటి బండి వేరు చేసుకోవడం. రెండు బండ్లు పోషించే స్తోమత లేకపోతే, రేసు కొన్నాళ్ళు ఆగవచ్చు.

వద్దనడమా, సరేననడమా?

"అసలు రేసే వద్దంటే పోలా?" అని మీరడుగుతారు. మేమిద్దరమూ ఈ విషయంలో చాలాసేపు వాదించుకున్నాం. డాక్టరు గారు వద్దనే అన్నారు. రాత్రి డ్యూటీల్లో స్ట్రెచరు మీద వచ్చే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళను చూసినవారు వేరే మాట అనలేరు. ఇంజనీరు గారు చెప్పింది ఇది. ఆ స్ట్రెచర్ల మీద వచ్చినవారు రేసు బాట నుంచి వచ్చినవారు కారు. అర్ధరాత్రి హైవే మీద పందెం వేసుకున్నవారు. అక్కడ పచ్చదీపం లేదు, అంబులెన్సు సిద్ధంగా లేదు, బండిని తనిఖీ చేసే మనిషి లేడు. పైగా ఎదురుగా పని ముగించుకుని ఇంటికి పోయే మోటారుసైకిలు మనిషి ఉన్నాడు. ఆయనకు ఏ పందెంతోనూ సంబంధం లేదు.

చివరకు మేమిద్దరం ఒక మాట మీదికి వచ్చాం. పిల్లవాడికి వేగం మీద మోజు ఉంటే, దానిని ఇంట్లో దాచుకోనివ్వకండి. దాచుకున్న మోజు రాత్రిపూట రోడ్డెక్కుతుంది. సెపాంగ్ వంటి చోట, నిబంధనలున్న పోటీలో, తనిఖీకి నిలబడే బండితో పోతానంటే కూర్చుని మాట్లాడండి. ఆ తనిఖీయే పెద్ద గురువు. గొట్టం మందం కొలిచి, అతుకు చూసి, బెల్టు తేదీ చదివి "ఇది చాలదు, వెనక్కి పో" అనే మనిషి ఎదురైతే కుర్రవాడికి తండ్రి వందసార్లు చెప్పినా ఎక్కనిది ఒక్కసారిలో ఎక్కుతుంది.

డబ్బులిచ్చే ముందు తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు ఐదు. ఒకటి, ఈ బార్ క్యాబిన్‌లోనా, తొట్టిలోనా? రెండు, గొట్టం ఏ రకం, గోడ మందం ఎంత, కొన్న రసీదు ఏది? మూడు, కాళ్ళు దేనికి అతుకుతున్నారు, ఛాసిస్‌కా, రేకుకా? నాలుగు, సీటు, బెల్టు, హెల్మెట్ సంగతేమిటి? ఐదు, ఈ బండిని రేపు చెల్లెలిని ట్యూషనుకు దింపడానికి కూడా వాడతావా? ఐదింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన కుర్రవాడు సగం ఇంజనీరు అయినట్లే. ఐదవ ప్రశ్నకు "వాడతాను" అంటే మాత్రం చెక్కు పుస్తకం మూసేయండి.

మన పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు చాలామంది ఉన్నారు. ఈ పేజీలు వారికోసమే ఎక్కువగా రాశాం. కనుక పెద్దలు దయచేసి భోజనాల దగ్గర దీన్ని చదివి వినిపించండి. వింటూ వింటూ వాడు "నాన్నా, మన బండి వెనక ఉన్నది ఉత్త అలంకారమేనా?" అని అడిగితే, తీసుకుని వెళ్ళి టార్చిలైటు వేసి ఆ బోల్టులు ఎక్కడ బిగించారో ఇద్దరూ కలిసి చూడండి.